వెనక్కి నడిచే చోటికి

నేను విజయవాడ వెళ్లింది ఊరు చూడటానికి కాదు. పద్దెనిమిది మంది ఆడవాళ్లు అబద్ధమాడారో, పదహారేళ్లుగా నేను నమ్ముకున్న విద్య అబద్ధమాడిందో తేల్చుకోవడానికి. అయినా ప్రయాణం ప్రయాణమే కాబట్టి దారిలో తిన్నదీ, విన్నదీ, జారిపడినదీ కూడా రాస్తాను. కృష్ణా డెల్టాను రైలు కిటికీలోంచి చూసి, ఎంత పచ్చగా ఉందో అనుకుని సాగిపోయే నాలాంటివాళ్ల కోసం ఇది.

ముందుగా నా పనేమిటో చెప్పాలి. ప్రతి ఫోనులోనూ కదలికను కొలిచే గోరంత బిళ్ల ఒకటి ఉంటుంది. ఫోను నడుముకు కట్టుకుంటే ఆ మనిషి నడుస్తున్నాడా, కూర్చున్నాడా, పడుకున్నాడా అన్నది ఆ బిళ్ల ఇచ్చే అంకెలను బట్టి చెప్పవచ్చు. అలా నెలల తరబడి గమనిస్తే, సుగరూ బీపీ ఉన్నవాళ్ల ఒంట్లో ఓపిక తగ్గుతున్న సంగతి వాళ్లు ఆస్పత్రి మెట్లెక్కకముందే తెలుస్తుంది. ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో ఇంజినీర్లు ఇది వైద్యమన్నారు. వైద్యులు ఇది ఫోన్లతో ఆట అన్నారు. రెండు శాఖల సమావేశాల్లోనూ నాకు గోడవారనే కుర్చీ దొరికేది. అక్కడే కూర్చుని పదహారేళ్లు గడిపాను, లేవలేదు.

ఈసారి పరిశోధనకు విజయవాడ పట్నంలో ఇరవై రెండు మందిని, అవనిగడ్డ దారిలోని ఒక ఊళ్లో పద్దెనిమిది మందిని తీసుకున్నాం. అందరికీ ఒకే రకం ఫోను, ఒకే రకం బెల్టు. పట్నం సమాచారం అద్దంలా వచ్చింది. ఊరి సమాచారంలో మాత్రం పద్దెనిమిది మందీ పట్టపగలు ఆరేడు గంటలు "పడుకుని ఉన్నారు". నిధులిచ్చే సంస్థ తరఫు పరిశీలన సంఘం నాకు ఉత్తరం రాసింది: వీళ్లు ఫోను మంచం మీద పారేసి, కట్టుకున్నామని అబద్ధం చెబుతున్నారు, ఊరి మొత్తం మీద నమ్మదగినది ఒకే ఒక్కరి రెండు రోజుల రికార్డు, తక్కినదంతా తొలగించాలి. తొలగింపు పత్రం మీద సోమవారంలోగా నా సంతకం కావాలి. సంతకం పెడితే రెండో విడత నిధులు, లేకపోతే లేవు.

మంచం మీద పారేసిన ఫోను రాయిలా కదలకుండా ఉంటుంది. వీళ్ల రికార్డులో ఆ "పడుకున్న" గంటలన్నింటా సన్నటి అదురు ఉంది. సంఘం దాన్ని ఫ్యాను అదురంది. అదేమిటో నాకూ తెలియదు. తెలియనిదాని కింద సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. బుధవారం తెల్లవారేసరికి విజయవాడలో దిగాను.

గవర్నర్‌పేట

లాడ్జి గుమాస్తా పుస్తకం తెరిచి, "ఏ పని మీద వచ్చారండీ?" అన్నాడు.

"పరిశోధన."

ఆయన కలం ఆపి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమో చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "ఎవరి మీదండీ?"

ఫోన్ల మీద అని చెబితే ఊపిరి పీల్చుకుని, "సెల్ షాపు బిజినెస్" అని రాసుకున్నాడు. నేను దిద్దలేదు.

ఎదుటి సందులో టిఫిన్ తిన్నాను. నాలుగు ఇడ్లీలు అరవై రూపాయలు. మా అనంతపురంలో ఇడ్లీ తినేవాడు చట్నీ ఇంకోసారి పోస్తారా లేదా అని చూస్తాడు. ఇక్కడ నెయ్యి ఎంత వేశారో చూస్తాడు. నా పక్కనాయన ప్లేటు వంచి, నెయ్యి జారడం లేదని వెనక్కి పంపాడు. వడ్డించే మనిషి మారుమాట్లాడకుండా ఇంకో చెంచా వేసి తెచ్చాడు.

మా ఫోన్లు చెడిపోతే బాగుచేసేది కరీముల్లా గారు. అంతకుముందు ఫోనులో మాట్లాడటమే తప్ప మనిషిని చూడలేదు. రెండు గజాల వెడల్పు దుకాణంలో, కంటికి భూతద్దం తగిలించుకుని, యాభై దాటిన మనిషి. నా పేరు చెప్పగానే కింద సొరుగు లాగి, మందుల షాపువాళ్లిచ్చే చిన్న కాగితం కవర్ల కట్ట ఒకటి బల్ల మీద పెట్టారు. ప్రతి కవరు మీదా నంబరు ఉంది.

"ఏమిటండీ ఇవి?"

"మీరే కదండీ చెప్పారు, ఏది తీసినా నంబరేసి దాచమని."

నేను చెప్పింది ఫోనులోంచి తీసిన పాత విడిభాగాల గురించి. ఆయన ఫోను శుభ్రం చేసినప్పుడు రాలిన మట్టి కూడా దాచారు. పరిశోధనశాలలో జీతం తీసుకునేవాళ్లు కూడా నా మాటను ఇంత అక్షరాలా పాటించలేదు.

"ఇవి పట్నంవాళ్లవండీ," అని ఒక కవరు విప్పారు. "టాల్కం పౌడరు, చెమట ఉప్పు. ఇవి ఊళ్లో పద్దెనిమిది మందివి. చూడండి. బురద ఎండి పొడైంది. ఇదిగో, ఇందులో ఆకు ముక్క కూడా ఉంది."

భూతద్దం నా చేతికిచ్చారు. స్పీకరు రంధ్రమంత ఆకుపచ్చ తునక.

"వీళ్లు ఫోను మంచం మీద పెట్టేశారని రాశారండీ మాకు," అన్నాను.

"ఎవరండీ రాసింది?" ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "మంచం మీద పెట్టిన ఫోన్లోకి బురద ఎట్టా వచ్చిద్దండీ? మంచానికేమన్నా దమ్ము చేశారా?"

దమ్ము అంటే నాకు బిర్యానీయే తెలుసు. ఆ మాటే అన్నాను. ఆయన నవ్వి, ఆ నవ్వు ఆపుకోలేక భూతద్దం తీసేసి కళ్లు తుడుచుకున్నారు. "మేడమ్ గారూ, పొలానికి నీళ్లు పెట్టి మెత్తగా బురదయ్యేదాకా దున్నుతారు చూడండి, అది దమ్మండీ. మా పెద్దమ్మాయిని పామర్రు ఇచ్చాం. అక్కడ నేర్చుకున్నా. బిర్యానీ దమ్మయితే మధ్యాన్నం రండి, మా ఇంట్లో పెడతా."

మధ్యాహ్నం వెళ్లాను. తినేటప్పుడు ఆయన భార్య నా వైపు జాలిగా చూసి, "ప్రొఫెసరంట, దమ్ము తెలీదంట," అని లోపలికి చెప్పడం వినపడింది.

గుణదల

గురువారం పొద్దున గుణదల వెళ్లాను. కొండ మీది మేరీమాత గుడికి వెళ్లే మెట్ల దారికి దగ్గర్లో స్టెల్లా గారి ఇల్లు. ఆస్పత్రిలో నర్సుగా ముప్పై ఏళ్లు చేసి విరమించిన మనిషి. ఊళ్లో బెల్టులు కట్టడం నేర్పిందీ, వారానికోసారి వెళ్లి కట్టుకున్నారో లేదో చూసి సంతకం చేసిందీ ఆవిడే.

నేను కూర్చోకముందే అడిగారు: "నేను దొంగ సంతకాలు పెట్టానని రాశారా మేడమ్?"

"మీ పేరు రాయలేదండీ."

"పేరు రాయకపోతే? వారం వారం చూసి సంతకం పెట్టింది నేనే కదా. వాళ్లు అబద్ధమాడారంటే నేను కళ్లు మూసుకున్నానని కాదూ?"

ఊరివాళ్ల ప్రశ్నపత్రాలు తెమ్మన్నాను. "మీరు రోజూ నడుస్తారా?" అన్న ప్రశ్నకు పద్దెనిమిది మందీ "లేదు" అన్నారు. సంఘం ఉత్తరంలో ఇది కూడా సాక్ష్యంగా ఉంది: నడవమని వాళ్లే ఒప్పుకున్నారు.

"అదాండీ!" స్టెల్లా గారు తల పట్టుకున్నారు. "రోజూ నడుస్తారా అమ్మా అంటే, వాకింగా అన్నారు. అవును, వాకింగే అన్నా. మాకు గ్రౌండెక్కడిదండీ, బూట్లెక్కడియ్యండీ అన్నారు. లేదు అని రాసుకున్నా. నాకూ తట్టలేదు మేడమ్. ఇక్కడ వాకింగంటే పొద్దున్నే గ్రౌండు చుట్టూ తిరిగేదే కదా. పొలానికి మూడు కిలోమీటర్లు పోయి రావడాన్ని ఎవరు వాకింగంటారు?"

ఆ ప్రశ్న రాసింది నేను. ఇంగ్లీషులో రాసి, తెలుగులోకి మార్చి, నా ఎదుట కూర్చున్న ముగ్గురు చదువుకున్నవాళ్ల చేత సరిచూపించి అచ్చు వేయించాను. ముగ్గురూ పొద్దున వాకింగ్ చేసేవాళ్లే.

భోజనానికి చేపల పులుసు చేశారు. మెట్టప్రాంతంలో పెరిగిన నాకు చేప తినడం చేతకాదు. మూడో ముద్దకు గొంతులో ముల్లు దిగింది. స్టెల్లా గారు ఉత్త అన్నం పిడికెడు ముద్ద చేసి, "నమలకుండా మింగండి," అని నర్సు గొంతుతో ఆజ్ఞాపించారు. మింగాను. ముల్లు పోయింది. "ముల్లు తీసుకు తినడం రాకుండా మా డెల్టా లెక్కలు తీస్తారా మేడమ్?" అన్నారు. అది నవ్వుకే అన్నా, నాకు గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంది.

"రేపు నేనూ వస్తా," అన్నారు చివరికి. "నా సంతకం నేనే నిలబెట్టుకుంటా."

కాలువ వెంట

శుక్రవారం చీకటితోనే అవనిగడ్డ బస్సెక్కాం. ఉయ్యూరు దాటేసరికి వెలుగొచ్చింది. రోడ్డు పక్కన కాలువ నిండుగా, ఎర్రగా సాగుతోంది. మా వైపు ఇద్దరు రైతులు కలిస్తే బోరు ఎన్ని వందల అడుగులు వేశారని అడుగుతారు. ఈ బస్సులో ఇద్దరు రైతులు కాలువకు నీళ్లు ఏ తారీఖున వదిలారన్న దాని మీద పామర్రు దాకా పోట్లాడుకున్నారు. నీళ్లు ఉన్నచోట కూడా నీళ్ల గురించే తగువని నాకు తెలియదు.

వాళ్లలో పెద్దాయన నన్ను చూసి, "పొలం ఉందాండీ మీకు?" అన్నారు.

"మా నాన్నకు ఆరెకరాల మెట్ట. వేరుశనగ."

"మెట్టా..." అన్నారాయన, ఒంట్లో బాగాలేదని చెప్పిన మనిషిని చూసినట్టు చూస్తూ. తరవాత తన ఊడ్పుల కష్టాలు చెప్పారు. ఊడ్పులంటే నారు తెచ్చి బురదలో నాటడం. కూలీలు చాలడం లేదట, కొందరు మిషను పెడుతున్నారట, కొన్ని ఊళ్లకు బెంగాలు నుంచి ముఠాలు వస్తున్నాయట. నేను వెళ్తున్న ఊరు పేరు చెప్పగానే, "దీనమ్మ ముఠాయా? ఆవిడ వేస్తే దారం పట్టుకు వేసినట్టే ఉంటదండీ," అన్నారు.

దీనమ్మ మా పద్దెనిమిది మందిలో పదకొండో నంబరు. సంఘం పట్టిక ప్రకారం రోజుకు ఏడు గంటలు పడుకునే మనిషి.

దిగిన చోట మొక్కజొన్న పొత్తు ఇరవై రూపాయలు. నిమ్మకాయతో ఉప్పూకారం రుద్ది ఇచ్చారు. తింటూ గట్టు వెంట నడిచాం. ఊరి పేరు రాయడం లేదు. వాళ్లను అబద్ధాలకోరులన్న ఉత్తరం ఒకటి ఉన్నంతకాలం ఆ పేరు నా దగ్గరే ఉంటుంది.

దమ్ము చేసిన మడి

మడిలో పన్నెండు మంది ఆడవాళ్లు వరసగా నడుం వంచి నాటుతున్నారు. వాళ్ల ముఖాలు మావైపు ఉన్నాయి. నేను గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాను. వాళ్లకూ నాకూ మధ్య దూరం పెరుగుతోంది. ముఖాలు ఇటే, ప్రయాణం అటు. వాళ్లు వెనక్కి నడుస్తున్నారు.

"ఎందుకు వెనక్కి వెళ్తున్నారు?" అని గట్టిగానే అడిగాను.

పన్నెండు మందీ ఒక్కసారి పని ఆపారు. చివర ఉన్న పెద్దావిడ నడుం ఎత్తి, నన్ను తేరిపార చూసింది. ఆవిడ నాంచారమ్మ, అరవైకి దగ్గర, సుగరు ఉంది. మా ఏడో నంబరు.

"ముందుకి నడిస్తే నాటిందాన్ని తొక్కుతాం కదమ్మాయ్!"

నవ్వు వరస పొడుగునా పాకింది. దీనమ్మ మాత్రం నవ్వలేదు. బలమైన మనిషి, నలభై ఐదేళ్లుంటాయి. "మేడంగారు మెట్టవాళ్లంట, తెలవదు, నవ్వమాకండి," అని వరసను అదిలించింది.

మా వేరుశనగ చేలో కలుపు తీసేవాళ్లు ముందుకే కదులుతారు. విత్తేటప్పుడు గొర్రు వెనక నడిచేవాళ్లూ ముందుకే. నేను చూసిన పొలం పనంతా ముందుకే. నా పరిశోధనశాలలో నడకను గుర్తించే నియమం రాయడానికి ఇరవై మంది విద్యార్థులను పాలరాతి నడవాలో నడిపించాను. వాళ్లూ ముందుకే నడిచారు.

దగ్గరికి వెళ్లి చూశాను. బెల్టు ప్రతి మనిషి నడుముకూ ఉంది. బురద తగలకుండా ఫోను సంచీని వీపు వైపుకు తిప్పుకుని, పైన పాలకవరు చుట్టుకున్నారు. అలా ఫోనును కాపాడమని మేమెవరమూ చెప్పలేదు. నడుం వంచితే వీపు మీది ఫోను నేలకు సమాంతరంగా వాలుతుంది. నడుము నిట్టనిలువు నుంచి అరవై డిగ్రీలు దాటి వాలితే ఆ మనిషి పడుకున్నట్టు లెక్క అన్న నియమం నాది. పన్నెండేళ్ల కిందట, చలువ గదిలో, ఒక సాయంత్రం రాశాను. ఇక అడుగు. గట్టినేల మీద మడమ తగిలినప్పుడు పుట్టే దెబ్బను పట్టి మేం అడుగును లెక్కపెడతాం. మోకాలి కిందిదాకా దిగే బురదలో వెనక్కి జరిగే పాదానికి దెబ్బ ఎక్కడిది?

నాలుగు మాటల్లో చెప్పాలంటే: పడుకున్నది ఫోను, మనుషులు కాదు.

నేనూ ఒక బెల్టు కట్టుకుని, చీర ఎగ్గట్టి మడిలో దిగాను. దీనమ్మ ఎడమ చేతికి నారు కట్ట ఇచ్చి, కుడి చేతి మూడు వేళ్లతో ఎలా గుచ్చాలో చూపించింది. అయిదో నిమిషంలో వెనక్కి వేసిన కాలు తిరిగి పైకి రాలేదు. నడుం దాకా బురదలో కూలబడ్డాను. "మేడం కూడా పడుకుందే!" అని నాంచారమ్మ అరిచింది. లేచి మళ్లీ మొదలుపెట్టాను. నలభై నిమిషాలయ్యేసరికి నడుము నాది కాదనిపించింది. సరిగ్గా అప్పుడు నా వీపు మీదనుంచి ఒక తియ్యని గొంతు మాట్లాడింది:

"మీరు చాలాసేపుగా పడుకుని ఉన్నారు. దయచేసి లేచి కొద్దిగా నడవండి."

మడి మడంతా గొల్లుమంది. ఈసారి దీనమ్మ కూడా. "ఇదేనమ్మాయ్, రోజూ నన్ను సాధించేది!" నాంచారమ్మ నారు కట్ట నీళ్లలో పడేసి చేతులు తిప్పింది. "లే తల్లీ, లే. పొద్దెక్కింది. కాస్త నడువు!"

ఆ వాక్యం కూడా నేను రాసిందే. "దయచేసి" అన్న మాట చేర్చినందుకు అప్పట్లో నన్ను నేను మెచ్చుకున్నాను.

తరవాతి రెండు గంటలూ కొలత. ఆడవాళ్ల అనుమతి తీసుకుని, ఒక్కొక్కరి పక్కన నేను నిలబడి నారు గుచ్చిన ప్రతిసారీ కేక వేస్తే, గట్టు మీద స్టెల్లా గారు గడియారం చూస్తూ గీత గీశారు. సాయంత్రం ఆ గీతలను ఫోను అంకెల పక్కన పెట్టి చూశాను. సంఘం ఫ్యాను అన్న సన్నటి అదురు, గీత గీతకూ సరిపోయింది. ప్రతి అదురూ ఒక నారు మొక్క. మా పట్టికలో మనిషి స్థితులకు ఉన్న పేర్లు అయిదు: కూర్చోవడం, నిలబడటం, నడవడం, పరుగు, పడుకోవడం. ఆరోది చేర్చి "ఊడ్పు" అని రాశాను.

గేదె

మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని వాళ్ల క్యారేజీల్లోంచి తిన్నాను. అన్నం, గోంగూర, ఎండురొయ్యల వేపుడు. ముల్లు లేనిది చూసి పెట్టమని స్టెల్లా గారు అందరికీ చెప్పి నా పరువు తీశారు. నాంచారమ్మ తినకుండా నా వైపే చూస్తోంది.

"ఏంటి పెద్దమ్మా?"

"నేనొక తప్పు చేశానమ్మాయ్. చెబితే తిట్టమాక." గొంతు సవరించుకుంది. "పొద్దస్తమానం నడుం విరిగేలాగ ఊడ్చి ఇంటికెళ్తే, నడవలేదు, నడువు అంటది. మండిపోయింది. ఒక రెండ్రోజులు దాన్ని గేదె మెడకి కట్టా."

"గేదెకా!"

"ఆఁ. కాలువలో దింపేటప్పుడు ఇప్పి, మళ్లా కట్టేదాన్ని. సాయంత్రం ఏమందో తెలుసా? అభినందనలంట! చక్కగా నడిచారంట! పడ్డది నా నడుము, మెచ్చుకోలు గేదెకి."

నేను నవ్వలేకపోయాను. ఏ రోజులో అడిగాను. ఆవిడ చర్చి పండగ తరవాతి సోమ, మంగళవారాలంది. సంచీలోంచి సంఘం ఉత్తరం తీసి చూశాను. ఊరి మొత్తం మీద నమ్మదగిన ఆ ఒకే ఒక్క రికార్డు ఏడో నంబరుది. సోమ, మంగళవారాలది.

పద్దెనిమిది మంది మనుషుల్లో, అందరికంటే నిజాయితీగా ఉందని వాళ్లు ఎంచింది గేదెను.

స్టెల్లా గారు నన్ను పక్కకు పిలిచారు. "మేడమ్, ఇది రాయకండి. ఒకామె గేదెకి కట్టిందంటే తక్కిన పదిహేడుగురూ కుక్కలకి కట్టారంటారు. మనం గెలిచే కేసు పోగొట్టుకోవద్దు."

ఆవిడ చెప్పింది తప్పు కాదు. కానీ ఆ రెండు రోజులూ దాస్తే, సగం చెప్పి అంతా నమ్మమని అడిగినదాన్నవుతాను. నచ్చని రికార్డు తీసేయమన్న సంఘం పనే నేనూ చేసినట్టు. తిరిగి వచ్చి, నాంచారమ్మనే అడిగాను: "సంఘానికి నీ పేరు రాయను, నంబరు రాస్తాను. గేదె సంగతి రాయనా?"

ఆవిడ చేయి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"రాయి. గేదెకి కట్టిన రెండ్రోజులూ రాసుకో. నేను కట్టుకున్న రోజులు కూడా రాయి మరి. అన్నీ."

గట్టు మీద చదివిన ఉత్తరం

వాళ్ల మీద వచ్చిన మాట వాళ్లకు తెలియాలి. శనివారం పొద్దున పని మొదలుకాకముందు పద్దెనిమిది మందినీ పిలిచి, ఉత్తరాన్ని వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. మెత్తబరచలేదు. "అబద్ధం" అన్నచోట అబద్ధమనే అన్నాను.

దీనమ్మ చేతులు కట్టుకుని విన్నది. "పడుకున్నామంటన్నాడా?"

"అవునమ్మా."

"పగలా?"

"పగలే."

"ఆయన్నొక్క రోజు రమ్మను. నా పక్కన పడుకోబెడతా, మడిలో. కూలి కూడా ఇప్పిస్తా." ఎవరో కిసుక్కుమన్నారు. దీనమ్మ వాళ్ల వైపు చూడలేదు. "నవ్వులాట కాదు. మా అత్త ఊడ్చింది, మా అమ్మ ఊడ్చింది. ఇంతవరకూ పడుకున్నామని ఎవరూ అన్లా మమ్మల్ని. రైతు అన్లా, మేస్త్రి అన్లా. నువ్విప్పుడు దాని మీద సంతకం పెడతావా?"

"పెట్టను."

"పెట్టకపోతే నీకేమైద్ది?"

"డబ్బు ఇవ్వరు. పని ఆగిపోవచ్చు."

ఆవిడ కట్టుకున్న చేతులు విప్పింది. "అయితే నీ ఇష్టం," అంది. అది వదిలేయడం కాదు. నా వంతు భారం నా చేతిలో పెట్టడం. తరవాత నారు కట్ట అందుకుని మడిలో దిగింది. తక్కినవాళ్లు ఆవిడ వెనక దిగారు.

బెంజ్ సర్కిల్

తిరుగు బస్సు బెంజ్ సర్కిల్ దగ్గర ఇరుక్కుంది. చెప్పుల్లో ఇంకా బురద ఉంది. పక్క సీటావిడ కాళ్లు ముడుచుకు కూర్చుంది. సంఘం అధ్యక్షుడికి బస్సులోనే అంతా రాసి పంపాను. పది నిమిషాల్లో ఆయన ఫోను.

"చదివానండీ. మీ శ్రమను మెచ్చుకుంటున్నాను. కానీ ఆ గేదె సంగతి తీసేయండి. నవ్వులపాలవుతాం."

"నవ్వులపాలు కావలసింది మనమేనండీ. దాన్ని నమ్మింది మనం."

"చూడండి, పట్నం సమాచారం చక్కగా ఉంది. దానితో మంచి వ్యాసం వస్తుంది. మీ పదవోన్నతి కూడా దగ్గర్లో ఉందని విన్నాను. ఈ పద్దెనిమిది మంది దగ్గర మీరు ఒక్క అడుగు వెనక్కి వేస్తే చాలు."

బస్సంతా హారన్ల మోత. నేను కిటికీ మూసి, ఆయనకు స్పష్టంగా వినపడేలా చెప్పాను:

"వెనకడుగు ఎలా వేస్తారో నిన్న నేర్చుకున్నానండీ. వేసేవాళ్లు ఒక్కటి వేసి ఊరుకోరు. మడి చివరిదాకా వేస్తారు. వాళ్లు నడిచిన మేరంతా పైరు ఉంటుంది. మీరడిగే అడుగు అది కాదు."

ఆయన "సోమవారం దాకా టైముంది," అన్నారు.

సోమవారం తొలగింపు పత్రం తిరిగి పంపాను. ఇచ్చిన పద్దెనిమిది వరసల్లో "కారణం" అన్న గడిలో ముందే అచ్చు వేసి ఉంది, పరికరం ధరించలేదని. పద్దెనిమిదిసార్లు కొట్టివేసి, పద్దెనిమిదిసార్లు "ధరించారు, పని చేశారు" అని రాశాను. ఏడో వరసలో మాత్రం "రెండు రోజులు గేదె ధరించింది" అని చేర్చాను. సంతకం చేయవలసిన చోట చేయలేదు.

రెండో విడత నిధులు రాలేదు. పట్నం సమాచారంతో వచ్చే వ్యాసంలో నా పేరు వద్దన్నాను, వాళ్లు బతిమాలలేదు. పదవోన్నతి సంగతి ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. మా సంస్థ అనుమతి, పాత ఫోన్లు, ఇద్దరు విద్యార్థులు మిగిలారు. అవి చాలు, కష్టం మీద.

ఇదంతా చెప్పడానికి దీనమ్మకు ఫోను చేశాను. బెల్టులు తీసేయాలంటే తీసేయవచ్చని, ఎవరూ ఏమీ అనుకోరని, ఇక వారం వారం స్టెల్లా గారిని పంపే ఖర్చు కూడా మా దగ్గర లేదని చెప్పాను.

"తీసేస్తే ఏమంటారు వాళ్లు?" అంది.

"చూశారా, అనుకున్నట్టే అయింది అంటారు."

"మరి?" ఆవిడ గొంతులో విసుగు. "మాట పడ్డది మేమా, వాళ్లా? ఊడ్పులు ఇంకా పది రోజులున్నయ్. తరవాత కలుపులు. తరవాత కోతలు. ఇప్పేది లేదు. నువ్వు రాసుకుంటా ఉండు."

పెట్టేసిందనుకున్నాను. పెట్టలేదు.

"కోతకి మాత్రం ముందుకే నడుస్తాం," అంది. "మళ్లా పొరపాటు పడతావేమో."